కుడివైపు పడ్డ మందారం

జూన్ 2

గంగమ్మ కుడివైపు ఇచ్చింది. ఇక ఆ సంగతి అయిపోయింది.

జూన్ 3

నిన్న ఒక్క ముక్క రాసి మూసేశాను. అయిపోయిన సంగతైతే ఇవాళ మళ్ళీ తెరవడమెందుకో.

ఈ డైరీ మా అమ్మాయి గాయత్రి ఇచ్చింది, గుడివాడలో వాళ్ళ స్కూలువాళ్ళు జనవరిలో పంచిపెట్టారట. "నీకు మాటలెక్కువ కదా, రాసుకో" అంది. మాటలెక్కువే. పాలెంలో ఎవరినైనా అడిగితే చెబుతారు. కానీ ఇది ఎవరితోనూ అనలేని మాట, అందుకని ఇక్కడ.

ఎడమ రొమ్ములో గడ్డ ఉంది. ఉగాది ముందు స్నానం చేస్తుంటే చేతికి తగిలింది. చింతగింజంత. నొప్పి లేదు. నొప్పి లేదు కాబట్టే భయం లేదనుకున్నాను. బందరులో డాక్టరమ్మ చూసి, స్కానింగ్ తీయించి, "నొప్పి లేకపోవడం మంచి గుర్తు కాదమ్మా" అంది. గుడివాడకి ప్రతి శుక్రవారం పెద్ద డాక్టరు వస్తారట, సూదితో ముక్క తీసి పరీక్షకి పంపుతారట, ఆలస్యం చెయ్యొద్దంది. సరేనని బస్సెక్కి ఇంటికొచ్చి చేపల పులుసు పెట్టాను.

మా ఆయనకి చెప్పలేదు. సముద్రంలో చేపల వేట నిషేధం రోజులు కదా, రోజంతా అరుగు మీదే ఉంటున్నారు, వలకి కన్నాలు కుట్టుకుంటూ. చెబితే ఆ వల అలాగే ఒళ్ళో పెట్టుకుని కూర్చుండిపోతారు.

అందుకని గంగమ్మని అడిగాను. మా అత్తగారు పోయినప్పటి నుంచి గుడిలో పువ్వు పెట్టే పని నాదే. ఎవరొచ్చి ఏం అడిగినా, మందారం తడిపి అమ్మ కిరీటం మీద పెట్టేది నేనే. కుడివైపు జారితే సరేనన్నట్టు, ఎడమవైపు జారితే వద్దన్నట్టు. పడవ కొనడానికి, పిల్లనివ్వడానికి, ఇంటికి శంకుస్థాపనకి, అన్నిటికీ. పదిమందికి పెట్టే చేతికి తన పువ్వు తాను పెట్టుకోవడం కొత్తగా అనిపించింది. "ఇది ఏమీ కాని గడ్డయితే కుడివైపు ఇవ్వు తల్లీ" అన్నాను. కళ్ళు మూసుకుని తెరిచేలోపే కుడిభుజం మీదుగా పడింది. అంత త్వరగా ఎవరికీ పడలేదు.

హాయిగా ఉంది. నిజంగానే హాయిగా ఉంది.

జూన్ 6

శుక్రవారం.

డాక్టరమ్మ దగ్గర పనిచేసే నర్సు, హిమబిందు, ఫోన్ చేసింది. "గుడివాడ వెళ్ళారాండీ?" అని. వచ్చే వారం అన్నాను. పోయిన వారం కూడా అదే చెప్పారు కదండీ అంది. మంచి పిల్ల, కాస్త జ్ఞాపకశక్తి ఎక్కువ.

గంగమ్మ చెప్పాక సూదెందుకు అని ఆ పిల్లతో ఎలా అంటాను? వాళ్ళ చదువు వేరు.

జూన్ 8

ఆదివారమని గాయత్రి వచ్చింది. గుడికి తోడొచ్చి గట్టు మీద కూర్చుంది. రోహిణి కార్తె వెళ్ళే రోజులు, గుడి లోపల ఉడికిపోతోంది. గోడకి బిగించిన ఆ కొత్త ఫ్యాను లేకపోతే నేను ఈపాటికి పూజారిని కాక ప్రసాదాన్ని అయిపోయేదాన్ని. బంటుమిల్లి వైపు రొయ్యల చెరువులున్న గోవర్ధనరావుగారు పెట్టించారు. చెరువు వేయమంటావా అని మే నెలలో అడగడానికి వచ్చి, నా చెమటలు చూసి జాలిపడ్డారు. మూడు రెక్కల మీదా 'గోవర్ధనరావు, సరోజిని దంపతులు' అని ఎర్రరంగుతో రాయించారు. తిరిగేటప్పుడు ఆ పేర్లు ఎవరికీ కనపడవు. ఆ మాట ఆయనకి చెప్పలేదు.

పక్కింటి వీరలక్ష్మి వచ్చింది, కొడుక్కి కూచిపూడి వైపు సంబంధం అడగడానికి. కుడివైపు పడింది. సంతోషంగా వెళ్ళింది. గాయత్రి చూస్తూనే ఉంది.

"అమ్మా, ఈ మధ్య అందరికీ కుడివైపే పడుతోందటగా."

"అమ్మకి ఈ ఏడు దయ ఎక్కువ" అన్నాను.

"ఎడమ పడితే ఏం చేస్తారు?"

"మళ్ళీ అడుగుతారు."

"అప్పుడు కుడి పడితే?"

"వెళ్ళి పని చూసుకుంటారు."

"మరి కుడి పడినప్పుడు కూడా ఇంకోసారి అడుగుతారా, నిజమేనా అని?"

లెక్కల టీచర్ని కంటే ఇంతే. "నీకు ఆకలేస్తోంది, ఇంటికి పద" అన్నాను. అది నవ్వి లేచింది. దారిలో చెయ్యి పట్టుకుంది. "తప్పుగా అనుకోకమ్మా, నాకూ గంగమ్మంటే భక్తే. పరీక్షలప్పుడు నేనూ పువ్వు అడిగినదాన్నేగా. కానీ ఎటు పడినా చివరికి మనకి కావలసిన జవాబే తీసుకుంటే, అది ఆవిడ చెప్పినట్టా, నువ్వు చెప్పుకున్నట్టా?"

అది వెళ్ళాక కూడా ఆ మాట ఇంట్లోనే ఉండిపోయింది. దానికి గడ్డ సంగతి తెలీదు. తెలిసుంటే ఇంత మెత్తగా అడిగేది కాదు.

జూన్ 9

గడ్డ అంతే ఉంది. రోజూ తడిమి చూసుకోవడం మానేశాను. పొద్దున చూశాను, అంతే ఉంది.

జూన్ 11

ఇవాళ జరిగింది జరిగినట్టు రాయాలి.

మా మరిది కొడుకు ప్రకాష్ వచ్చాడు. ఇద్దరితో కలిసి కొత్త ఫైబర్ పడవ కొన్నాడు. నిషేధం తీరిన మొదటిరోజే వేటకి వెళ్ళొచ్చా అని అడగాలి. అప్పుడే కరెంటు పోయింది. నేను పువ్వు పెట్టాను. కాసేపు కదల్లేదు, తర్వాత ఎడమవైపు పడింది.

చాన్నాళ్ళ తర్వాత ఎడమ పడటం చూశాను. వాడి మొహం మాడిపోయింది. "పెద్దమ్మా, ఇంకోసారి" అన్నాడు. ఇంకో పువ్వు కోసుకొచ్చేలోపు కరెంటు వచ్చింది. పెట్టాను. టక్కున కుడివైపు.

"కరెంటు లేకపోతే అమ్మకీ చిరాకేనన్నమాట" అన్నాడు ప్రకాష్. బయటున్నవాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను.

వాళ్ళు వెళ్ళాక దీపంలో నూనె పోద్దామని గాజుబుడ్డి ఎత్తాను. ఎత్తీ ఎత్తగానే దీపం కుడివైపు వాలి ఆరిపోయింది.

ఆ గాజుబుడ్డి పెట్టింది నేనే. ఫ్యాను వచ్చిన కొత్తలో దీపం నిలవడంలేదని పెట్టాను. అప్పట్లో ఫ్యాను మెడ అటూ ఇటూ తిరిగేది. ఉప్పుగాలికి బిగుసుకుపోయి ఇప్పుడు ఒక్కవైపే ఉంటోంది, అమ్మ ఎడమ చెంప మీదకి. దీపానికి గాలి తగులుతోందని తెలిసి బుడ్డి పెట్టాను. పువ్వుకి తగులుతుందని తోచలేదు. ఇన్నాళ్ళూ అక్కడే నిలబడి, ఆ గాలికే చెమట ఆరబెట్టుకుంటూ, తోచలేదు.

జూన్ 12

మధ్యాహ్నం పాలెమంతా పడుకున్న వేళ గుడికి వెళ్ళాను. చెట్టున ఉన్న మందారాలన్నీ కోసుకుపోయాను.

ఏ ప్రశ్నా లేకుండా పెట్టాను. కుడి. రేపు పొద్దు పడమట పొడుస్తుందా తల్లీ అన్నాను. కుడి. నేను పెళ్ళాడింది బాలస్వామిని కాదు, గోవర్ధనరావుగారినేనా అన్నాను. కుడి. నవ్వొచ్చింది. గుడిలో ఒక్కదాన్నే నవ్వాను, ఎవరైనా చూస్తే పూనకమనుకునేవాళ్ళు. ఆ తర్వాత ఏడుపొచ్చింది.

ఫ్యాను ఆపి పెట్టాను. ఒకటి ఎడమ, ఒకటి కుడి, ఒకటైతే కిరీటం మీదే కూర్చుంది.

నా ప్రశ్న మాత్రం అడగలేదు.

అమ్మ అబద్ధం చెప్పిందని నేననుకోవడంలేదు. ఆవిడ అసలు నోరే విప్పలేదు. నేను గాలికి దణ్ణం పెట్టి ఇంటికొచ్చాను. ఎంత త్వరగా పడిందో అని మురిసిపోయాను కూడా.

మరి ఫ్యాను లేని రోజుల్లో? మా అత్తగారి హయాంలో? గుడి తలుపు ఎటువైపుందో, సముద్రపుగాలి ఎటునుంచి వస్తుందో నాకు తెలుసు. ఇవాళ్టికి అక్కడిదాకా వెళ్ళను.

జూన్ 13

శుక్రవారం. గుడివాడ వెళ్ళలేదు. ఎందుకు వెళ్ళలేదో రాద్దామని కూర్చుంటే కారణం దొరకలేదు.

బందరు బజారుకి స్టీఫెన్ ఆటోలో వెళ్ళాను. కుర్రప్పటి నుంచీ తెలిసినవాడు, ఆదివారం చర్చి మానడు. దారిలో ఫ్యాను సంగతి చెప్పేశాను. గడ్డ సంగతి కాదు, ఫ్యాను సంగతే. వాడు నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు.

"మాకూ ఉంటుందక్కా. కొత్త సంవత్సరానికి వాగ్దానం కార్డులు పెడతారు, కళ్ళు మూసుకుని ఒకటి తీసుకోవాలి. ఆ ఏడాదికి దేవుడు మనతో చెప్పే మాటన్నమాట. మొన్న జనవరిలో నాకు శ్రమలు ఓర్చుకోమని వచ్చింది. ఎవరూ చూడకుండా అది లోపల పెట్టేసి ఇంకోటి తీశాను."

"అందులో ఏమొచ్చింది?"

"ఆశీర్వాదం. బండి మీద అంటించుకున్నాను, చూడు."

అద్దం పక్కనే ఉంది. దాని పక్కన ఖాళీగా కాస్త చోటుంది. "దేవుడు మొదట చెప్పింది ఆ శ్రమల మాటే కదరా" అన్నాను. "అదేనక్కా" అన్నాడు. "అది గుర్తొచ్చినప్పుడు ఈ కార్డు చూడాలంటే సిగ్గేస్తది."

బజారులో ఏం కొన్నానో ఇప్పుడు గుర్తురావడంలేదు.

జూన్ 14

చెప్పేశాను.

ఈ అర్ధరాత్రితో నిషేధం తీరుతుంది, పడవలకి పూజ కాబట్టి సాయంత్రం పాలెమంతా గుడి దగ్గరే ఉంది. ఫ్యాను వేసి పెట్టి చూపించాను, ఆపి పెట్టి చూపించాను. "నెల రోజుల నుంచి మీకు పడినవన్నీ గాలికి పడినవే. అమ్మ మీద ఒట్టు, నాకు మొన్నే తెలిసింది. కావలసినవాళ్ళు మళ్ళీ అడగండి, ఫ్యాను ఆపి పెడతాను" అన్నాను.

తిడతారనుకున్నాను. ఎవరూ తిట్టలేదు. ప్రకాష్ తల గోక్కున్నాడు. "అయితే ఆ ఫ్యాను పెట్టించింది మాత్రం ఎవరు పెద్దమ్మా? అమ్మే ఆయన బుద్ధిలో దూరి పెట్టించి ఉండొచ్చుగా" అన్నాడు. అవునవునన్నారు అందరూ. వీరలక్ష్మి అయితే "పిల్ల బాగుంది వదినా, ఇప్పుడు మళ్ళీ అడగడమెందుకు" అని కొంగు సర్దుకుంది. గోవర్ధనరావుగారికి ఎవరో ఫోన్ చేసి చెప్పినట్టున్నారు. "నా ఫ్యాను పీకేస్తారా ఏంటండీ?" అని ఆయన బాధ ఆయనది. పీకమండీ, పువ్వు పెట్టినప్పుడు ఆపుతామంతే అని సర్దిచెప్పాను.

మళ్ళీ అడగడానికి ఎవరూ ముందుకు రాలేదు. కుడి పడినవాళ్ళు ఎందుకొస్తారు? నాకు కోపం రాబోయి ఆగిపోయింది. నేను మాత్రం మళ్ళీ అడిగానా?

ఒక్క మనిషి వచ్చాడు. మా ఆయన. జనం వెళ్ళిపోయాక చెప్పులు విప్పి లోపలికొచ్చి, "నాకు పెట్టు, రేపు వేటకి" అన్నారు. ఫ్యాను ఆపాను. కుడివైపు పడింది. దణ్ణం పెట్టుకుని వెళ్ళి వల సర్దుకున్నారు. ఎడమ పడి ఉంటే సర్దేవారు కాదు. ఒక ఏడాది ఇలాగే ఎడమ పడితే, మిగతా పడవలన్నీ వంజరం చేపలు నింపుకొచ్చిన రోజున ఈయన అరుగు మీద కాళ్ళూపుకుంటూ కూర్చున్నారు. నేను సణిగితే, "వద్దన్న చోటికి వెళ్ళి తెచ్చిన చేప నాకు సయించదు" అన్నారు. పెళ్ళైన నాటి నుంచి చూస్తున్నాను, ఎడమ పడిన పనికి చెయ్యి పెట్టగా చూడలేదు.

పాలెం మొత్తానికీ నమ్మకం ఉన్నది ఆయనకే అనిపించింది. నాకున్నది అవసరం.

జూన్ 15

పడవలు వెళ్ళాయి. ఇల్లంతా ఖాళీ.

జూన్ 17

నన్ను నేను అడగవలసినవి రాసి చూసుకుందామనుకున్నాను. చివరికి ఒక్కటే తేలింది. ఆ రోజు పువ్వు ఎడమ పడి ఉంటే గుడివాడ బస్సెక్కి ఉండేదాన్నా?

ఎక్కి ఉండేదాన్ని కాదు. పువ్వు మరీ తడిగా ఉందని ఇంకోటి పెట్టేదాన్ని. అదీ ఎడమ పడితే ఇవాళ రోజు మంచిది కాదు, రేపు అడుగుదామనేదాన్ని. అంటే నేను అమ్మని ఏమీ అడగలేదు. భయమేస్తోంది, వెళ్ళకుండా ఉండటానికి ఎవరైనా సరేనంటే బావుండుననుకున్నాను. ఆ సరేననే పని తల్లి నెత్తిన పెట్టాను.

భయమేస్తోంది. ఇది ఇప్పటిదాకా ఎక్కడా రాయలేదు. చాలా భయమేస్తోంది.

అమ్మ లేదని నాకు అనిపించడంలేదు. పొద్దున దీపం వెలిగిస్తుంటే ఎప్పటిలాగే ఆవిడ ఎదురుగా నిలబడ్డట్టే ఉంది. ఇన్నాళ్ళూ ఆవిడని ఒక్క మాట చెప్పనివ్వలేదే అని సిగ్గుగా మాత్రం ఉంది.

జూన్ 18

ఆయన వచ్చారు. ఫరవాలేదు, పడ్డాయి చేపలు. అన్నం పెట్టి, తిన్నాక చెప్పాను. గడ్డ, స్కానింగు, సూది, పువ్వు, అన్నీ.

చెయ్యి కడుక్కోవడం మర్చిపోయి అలాగే కూర్చున్నారు. చెయ్యి ఎండిపోయింది. అరుస్తారనుకున్నాను.

"ఉగాది నుంచా?"

"ఊఁ."

"గంగమ్మకి చెప్పావు. నాకు చెప్పలేదు."

నేను ఆయన కంచం తీసి పక్కన పెట్టాను. మాటలెక్కువని పేరున్నదాన్ని.

జూన్ 19

ఇవాళ మధ్యాహ్నం అరుగు మీద నుంచి లోపలికొచ్చి, "రేపు శుక్రవారం కదా. పొద్దున్నే గుడికెళ్ళి అడుగుదాం. ఫ్యాను ఆపి, సరిగ్గా అడుగుదాం. వెళ్ళమంటే గుడివాడ వెళ్దాం" అన్నారు.

"వద్దంటే?"

"ఎందుకంటుంది?"

నేను అడగనన్నాను. నాకిక ఏ పువ్వూ వద్దు, వెళ్తానంతే అన్నాను. ఆయన గడప మీద కూర్చుండిపోయారు. "అడక్కుండా నేనెప్పుడూ గట్టు దాటలేదే మల్లేశ్వరీ. నిన్ను తీసుకుని ఎలా దాటను?" అన్నారు. ఆ గొంతు వింటే కాదనలేకపోయాను.

ఎడమ పడితే? ఆయన్ని వదిలేసి ఒక్కదాన్నే బస్సెక్కుతాను. గాయత్రికి ఫోన్ చేసి గుడివాడ బస్టాండుకి రమ్మన్నాను. ఎందుకో వచ్చాక చెబుతానన్నాను. ఎక్కుతాను. కానీ ఆయన మనసు విరిచి ఎక్కాలి.

జూన్ 20

గాయత్రి ఇంట్లో కూర్చుని రాస్తున్నాను. సూది అయిపోయింది. అనుకున్నంత నొప్పి లేదు, కట్టు కట్టారు. పరీక్ష ఫలితం వచ్చే శుక్రవారానికి. సంగతి విన్నప్పటి నుంచి గాయత్రి నాతో మాట్లాడటంలేదు, కానీ ఇప్పటికి రెండుసార్లు పాలు కాచి తెచ్చింది.

ఏ ఫలితం వచ్చినా సరే, పొద్దున జరిగింది మాత్రం రాసి పెట్టుకోవాలి.

తెల్లవారుతుండగా గుడికెళ్ళాం. ఆయనే ఫ్యాను స్విచ్ ఆపారు. రెక్కలు పూర్తిగా ఆగి పేర్లు కనపడేదాకా చూశారు. తర్వాత వెళ్ళి తలుపు కూడా మూశారు, సముద్రపుగాలి రాకుండా. అది ఆయనకే తోచింది. పువ్వు కూడా నా చేతిలోంచి ఆయనే తీసుకుని, తడిపి, కిరీటం మీద పెట్టారు. "గుడివాడ వెళ్ళమంటే కుడివైపు ఇయ్యి తల్లీ" అన్నారు. పడవ మీద అరిచినట్టు గట్టిగా.

పువ్వు చాలాసేపు కదల్లేదు. దీపం నిటారుగా ఉంది. ఇద్దరం ఊపిరి కూడా మెల్లిగా తీసుకున్నాం.

ఎడమవైపు పడింది.

నేను పువ్వు వంక చూడలేదు, ఆయన వంకే చూశాను. ఇంకోసారి పెడతారనుకున్నాను. పెట్టలేదు. ఇంకోసారి పెట్టే మనిషి కాదు. పాలెం మొత్తానికి అది చేతకానిది ఆయనొక్కరికే. అలాగే నిలబడ్డారు. మొహం చూస్తే జాలేసింది, నా గడ్డ కూడా మర్చిపోయాను.

కాసేపటికి మోకాలు పట్టుకుని వంగారు. ఆ మందారం తీసి, తడి దులిపి, నా వెనక్కి వచ్చి తలలో పెట్టారు. ఎప్పుడూ పెట్టిన చెయ్యి కాదు, జారిపోయింది. మళ్ళీ తీసి ముడికింద గట్టిగా దూర్చారు.

"పద. ఈ బస్సు పోతే మళ్ళీ ఎండెక్కిందాకా లేదు" అన్నారు.

"ఎడమ పడిందిగా అండీ."

"చూశాను. కళ్ళున్నాయి నాకు."

తలుపు తీశారు. గడప దగ్గర ఆగి గర్భగుడి వైపు ఒకసారి తిరిగి చూశారు. దణ్ణం పెట్టలేదు.

"గంగమ్మతో నేను తర్వాత మాట్లాడుకుంటాలే. ముందు నువ్వు నడు" అన్నారు.